చీకటి పడ్డాక నెల్లూరు



వియత్నాం దేశపు నడిమి తీరంలో హోయాన్ అని ఒక పాత రేవు పట్నం ఉంది. థూబోన్ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, ఏటి ఒడ్డునే కట్టుకున్న ఊరు. చాంద్రమాసంలో పధ్నాలుగో రోజు రాత్రి, అంటే మన పంచాంగంలో శుద్ధ చతుర్దశి నాడు, ఆ ఊరి పాతపేటలో కరెంటు దీపాలు ఆపేస్తారు. మోటారు బళ్ళను లోపలికి రానివ్వరు. చూరులకు కట్టిన పట్టు లాంతర్ల వెలుగులో జనం నడుస్తారు, పాటలు పాడతారు, ఏట్లో కాగితం దీపాలు వదులుతారు. 1998లో మొదలైన ఏర్పాటు ఇది. మరుసటి ఏడాది యునెస్కో ఆ పాతపేటను ప్రపంచ వారసత్వ స్థలాల పట్టీలో చేర్చింది. ఇవాళ ఆ ఒక్క రాత్రి కోసం దేశదేశాల నుంచి మనుషులు వస్తున్నారు.

ఈ పూట నేను మాట్లాడబోయేది మన నెల్లూరు రాత్రి గురించి. హోయాన్‌ను ముందు తలుచుకున్నది ఎందుకంటే, ఆ ఊరు మనకు మరీ అంత పరాయిది కాదు. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, కొండల నడుమ, మీసన్ అనే చోట ఇటుకతో కట్టిన శివాలయాలు ఉన్నాయి. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడన్న పేరుతో అక్కడ శివుణ్ణి నిలిపాడు. ఆ రాజ్యం చంప. ఆ రాజులు సంస్కృతంలో శాసనాలు వేయించారు. హోయాన్, మీసన్ ఉన్న సీమకు చంప రాజ్యంలో ఏం పేరుండేదో తెలుసా అండీ? అమరావతి. 1911లో ఆ సీమలోనే డోంగ్ యువోంగ్ అనే చోట ఒక కంచు బుద్ధ విగ్రహం దొరికింది. దాని వస్త్రం మడతలు చూసి కృష్ణాతీరపు అమరావతి శిల్పం పోలికలున్నాయని కొందరు పండితులన్నారు. సింహళం పోలికలని మరికొందరన్నారు. ఎవరి మాట నిజమైనా, మన తీరానికీ ఆ తీరానికీ నడుమ ఓడలు తిరిగిన కాలం ఒకటుందన్నది ఖాయం.

దూరదేశాలతో మన తీరానికున్న అలాంటి వర్తకానికి నెల్లూరు నేలలోనే సాక్ష్యం దొరికింది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని అడుగున కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. త్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి, అన్నీ రెండో శతాబ్దం నాటివి. అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో దీని గురించి ఉత్తరం రాస్తే, కలకత్తా ఆసియాటిక్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. కొన్ని నాణేలు అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయని, కొన్నిటికి బెజ్జాలున్నాయని, నగలుగా వేసుకుని ఉంటారని ఆయన రాశాడు. ఈ నెల్లూరు సీమలో ఏ ఆడకూతురో రోమ్ చక్రవర్తి బొమ్మను దండలో గుచ్చి మెడలో వేసుకుందన్న మాట. ఆ కుండలోని బంగారం చాలావరకు తెలియక కరిగించేశారు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంతటి పాత ఊరికి పాత వీధి ఒక్కటీ ఎందుకు మిగల్లేదన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. హోయాన్ కథలోనే దానికి జవాబు దొరికింది. పదిహేడో శతాబ్దంలో ఆ రేవుకు చైనా వర్తకులు, జపాన్ వర్తకులు, పోర్చుగీసువాళ్ళు, డచ్చివాళ్ళు వచ్చేవాళ్ళు. ఒక గాలికి వచ్చి, ఎదురుగాలి మళ్ళేదాకా నెలల తరబడి అక్కడే కాపురముండేవాళ్ళు. ఆ వర్తకం మీద పెరిగిన పేటే ఇప్పుడు చూస్తున్నది. తర్వాత థూబోన్ ఏరు మేట వేసింది. పెద్ద ఓడలు రాలేకపోయాయి. వర్తకం పక్కనున్న డానాంగ్‌కు తరలిపోయింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత హోయాన్‌లో ఎవరికీ లేకపోయింది. పేదరికం ఆ ఊరిని కాపాడింది.

మన కథ దీనికి తలకిందులు. నెల్లూరును వర్తకం ఏనాడూ వదిలిపోలేదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే ఉత్తరపు బాట మన ఊరి నడిమధ్య నుంచి పోయింది. ఈనాటికీ దాన్ని ట్రంకురోడ్డు అనే అంటున్నాం. 1850లలో పెన్న మీద ఆనకట్ట కట్టాక డెల్టా పొలాలకు నీళ్ళు పారాయి, మొలగొలుకుల బియ్యం పేరు మోగింది. 1866లో మునిసిపాలిటీ వచ్చింది, ఆ శతాబ్దం ముగిసేలోపే రైలు వచ్చింది. చేతిలో డబ్బు ఆడిన ప్రతి తరమూ తాతల మండువా లోగిలి పడగొట్టి మేడ కట్టుకుంది, ఆ మేడను పడగొట్టి వాళ్ళ పిల్లలు దుకాణాల సముదాయం కట్టుకున్నారు. ఊరు చక్కగా బతికింది, ఇళ్ళు పోయాయి. అందుకని హోయాన్‌ను చూసి వచ్చి మన చిన్నబజారులో రంగు లాంతర్లు వేలాడదీస్తే మనకు దక్కేదేమీ లేదు. మన ఊరి వయసు గోడల్లో లేదు. రాత్రిళ్ళు ఈ ఊళ్ళో మనుషులు చేసే పనుల్లో, పాడే పాటల్లో, మొక్కే మొక్కుల్లో ఉంది. పగటి పూట ఫ్లెక్సీలు, ఆటోల హారన్లు, గాంధీబొమ్మ దగ్గర ట్రాఫిక్కు వాటిని కమ్మేస్తాయి. రాత్రయితే అవి బయటికొస్తాయి.

నడక రంగనాయకులపేటలో మొదలుపెడదాం. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి, 70 అడుగులకు అటూ ఇటూగా లేచిన గాలిగోపురం. నందికొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు నడిచి వచ్చిన పెన్న, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలవబోయే ముందు మనల్ని ఒరుసుకుంటూ పోతుంది. వానాకాలం నిండుగా, వేసవిలో ఇసుకగా. సందెవేళ గుడిలో గంట మోగాక మెట్ల మీద కూర్చుంటే గాలి ఏటి వైపు నుంచి వస్తుంది. పగలంతా కాగిన ఊరికి ఆ గాలే ప్రాణం.

తిక్కన సోమయాజి భారతం ఈ ఒడ్డునే రాశాడని మన నమ్మకం. పదమూడో శతాబ్దం. విక్రమసింహపురి, అంటే అప్పటి నెల్లూరు, మనుమసిద్ధి రాజధాని, తిక్కన ఆయన మంత్రి. జ్ఞాతులు రాజ్యం లాక్కుంటే తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడి సాయం తెచ్చి తన రాజును మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టాడు. విరాటపర్వం మొదలుకుని పదిహేను పర్వాలు తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. రాజ్యాల బేరసారాలు, యుద్ధాలు, రాయబారాలు దగ్గరుండి చూసిన మనిషి. ఉద్యోగపర్వంలో ఆ రాయబారపు మాటల్లో అంత పదును ఊరికే రాలేదని నా నమ్మకం.

తిక్కన గురించి బడిలో చదువుకుంటాం. కానీ ఆ ఇంటి కథే ఇంకొకటి, రాత్రిళ్ళు పాడుకునేది, అదే కాలంలో పుట్టింది. కరువుకు ఆవులను తోలుకుని కాటమరాజు అనే యాదవ నాయకుడు మనుమసిద్ధి బీళ్ళకు వచ్చాడు. పుల్లరి, అంటే మేత పన్ను, దగ్గర తగువు పడింది. పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. మనుమసిద్ధి తరఫున సేనతో వెళ్ళినవాడు తిక్కన సోమయాజికి వరసకు తమ్ముడు, ఖడ్గతిక్కన. సైన్యం చెదిరి ఆయన ఇంటికి తిరిగివస్తే, భార్య చానమ్మ పెరట్లో మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద పక్కనుంచి, ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి నీళ్ళు పెట్టిందట. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు వడ్డించిందట. ఆ అవమానం తట్టుకోలేక మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణాలొదిలాడు. ఈ కథను కొమ్ములవారు కొమ్ము ఊదుతూ, వంత పాడేవాళ్ళతో రాత్రంతా పాడేవారు. గంగజాతర్లలో యాదవులు కూర్చుని వినేవారు. ఇందులో ఒక గొప్పతనముంది. అది గెలిచిన రాజు రాయించుకున్న కథ కాదు. ఆవుల మేత కోసం ప్రాణాలిచ్చిన కాపరుల వైపు నుంచి చెప్పుకున్న కథ. అయినా అవతలి పక్షపు ఖడ్గతిక్కన శౌర్యాన్ని ఎక్కడా తగ్గించలేదు. ఒకే కాలంలో పండితుడు భారతాన్ని ఘంటంతో రాశాడు, కాపరి తన కథను గొంతుతో రాత్రిపూట కాపాడాడు. ఇప్పుడు ఆ పాడేవాళ్ళు చాలా తగ్గిపోయారు. నాకున్న దిగులంతా దీని గురించే.

రంగనాయకులపేట నుంచి మూలాపేట వైపు నడిస్తే మూలస్థానేశ్వరుడి గుడి. ఆ చుట్టుపక్కల సందుల్లో రాత్రి ఎనిమిది దాటాక ఇంకా అరుగులు మిగిలిన ఇళ్ళు కొన్ని కనబడతాయి. కరెంటు పోతే ఆ అరుగుల మీదికి మనుషులు వస్తారు. మన ఊళ్ళో హరికథలకు పెద్ద వైభవం ఉండేది. తిప్పరాజువారి వీధిలో ఉండిన ఎస్.పి. సాంబమూర్తిగారు పేరున్న హరికథకులు. ఆయన కొడుకే మన బాలసుబ్రహ్మణ్యం. ఆ కంఠం దేశమంతా వినిపించింది, కానీ మొదట విన్నవి ఈ వీధులు. ఆ ఇంటిని బాలుగారు 2020లో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడాది ఆయన మనల్ని విడిచి వెళ్ళారు. రాత్రివేళ ఆ వీధిలో నిలబడితే హరికథ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలనిపిస్తుంది. ఒక్క మనిషి, కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, తెల్లవార్లూ వందలమందిని కూర్చోబెట్టగలిగిన విద్య అది. మైకులేని రోజుల్లో వెనక వరస దాకా మాట వినబడాలంటే ఎంత ఊపిరి కావాలి, ఎంత సాధన కావాలి! రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరంలో పద్యనాటకాలు ఆడిన రాత్రులు కూడా అలాంటివే. వందేళ్ళు దాటిన ఆ హాలు ఇంకా నిలిచే ఉంది.

అక్కడి నుంచి కోటమిట్ట వైపు వెళ్దాం. కోట గోడలు ఇప్పుడు కనబడవు. కానీ 1757లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు నెల్లూరు కోటను ముట్టడించి, గోడకు గండికొట్టి కూడా లోపలికి చొరబడలేక వెనుదిరిగాడు. లోపల ఉన్నది ఆర్కాటు నవాబు మీద తిరగబడిన ఆయన తమ్ముడు నజీబుల్లా. మరో నలభై నాలుగేళ్ళకు, 1801లో, కర్ణాటక రాజ్యంతో పాటు నెల్లూరు సీమ కంపెనీ చేతికి పోయింది. కోటలూ నవాబులూ పోయాక ఆ పేటకు మిగిలిన పెద్ద గౌరవం ఒకటుంది. రొట్టెల పండుగ వచ్చినప్పుడు గంధం బయల్దేరేది కోటమిట్ట నుంచే. బారాషహీద్ దర్గా దాకా అర్ధరాత్రి బిందెలతో ఊరేగింపుగా తీసుకుపోతారు.

రొట్టెల పండుగ గురించి నెల్లూరు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, కానీ ఈ ప్రసంగం వింటున్న ఇతర జిల్లాల వాళ్ళ కోసం చెప్తాను. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు ఒడ్డున పన్నెండుమంది అమరుల సమాధులున్న ఆ దర్గా దగ్గర జరిగే పండుగ ఇది. కోరిక ఉన్నవాళ్ళు చెరువులో దిగి, ఆ కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరాక మరో ఏడు వచ్చి, రొట్టె చేసి తెచ్చి, ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, విదేశీ రొట్టె. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి 'ఉద్యోగం రొట్టె ఎవురి దగ్గరుందమ్మా' అని అడుగుతూ తిరుగుతారు. హిందువులూ ముస్లిములూ అన్న తేడా ఆ నీళ్ళలో ఉండదు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. లక్షలమంది వస్తారు, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి. ఆ రొట్టె ఇచ్చేవాళ్ళు ఎవరో, పుచ్చుకునేవాళ్ళు ఎవరో ఒకరికొకరు తెలియదు. నీకు జరిగిన మేలు ఇంకొకరికి అందించి పోవడమే ఆచారం. ఇంత చక్కటి పద్ధతిని ఏ మత గ్రంథమూ శాసించలేదు, ఈ ఊరి జనం కలిసి కల్పించుకున్నారు.

ఆ రాత్రుల్లో నేను ముఖ్యంగా గమనించేది ఆడవాళ్ళను. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక మన వీధుల్లో ఆడపిల్ల ఒంటరిగా నడిస్తే ఇంట్లోవాళ్ళు గడప దగ్గరే నిలబడి ఎదురుచూస్తారు. రొట్టెల పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాటినా అమ్మలు, అక్కలు, ముసలమ్మలు, పసిబిడ్డల తల్లులు చెరువు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. అలాంటి చోటు మన పక్కనే మరొకటి ఉంది. నెల్లూరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డునే, జొన్నవాడ. కామాక్షితాయి గుడిలో మొక్కుకుని రాత్రి నిద్ర చేస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్ళు చాపలు పరుచుకుని, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటూ, అమ్మవారి సన్నిధిలో నిద్రపోతారు. బిడ్డలు లేనివాళ్ళు కొడిముద్దలు ప్రసాదంగా తీసుకుంటారు. కసుమూరు దర్గాలోనూ ఇలాగే రాత్రి పడుకుని పోతారు. రాత్రిని ఆడవాళ్ళకు భయం లేనిదిగా చేయడానికి స్తంభానికొక దీపం కట్టడం అవసరమే, కాదనను. కానీ దీపం కన్నా ముందు పదిమంది మనుషులుండాలి. మన ఊళ్ళో ఆ రహస్యం ఒక చెరువుకు తెలుసు, ఒక గుడి ముంగిలికి తెలుసు. మిగతా ఊరికి కూడా అది తెలిసిరావాలన్నది నా కోరిక.

ఇక ట్రంకురోడ్డు మీదికి వస్తే రాత్రి పదింటికి కూడా పెనాలు చల్లారవు. నేతి కారం దోసె వాసన రోడ్డు దాటి వస్తుంది. సెకండు షో వదిలాక జనం మళ్ళీ ఒకసారి హోటళ్ళ మీద పడతారు. రైల్వే స్టేషన్ దగ్గర సికింద్రాబాదు పోయే సింహపురి ఎక్స్‌ప్రెస్ కోసం కాచుకుని, సంచుల్లో బియ్యం, ఊరగాయ జాడీలు, మలై కాజా పొట్లాలు పెట్టుకున్న తల్లిదండ్రులు, చదువుకోను పోతున్న పిల్లలు. ఇళ్ళల్లో మట్టి దాకలో చేపల పులుసు దించి మూత పెడతారు. ఆ పులుసు గురించి వేరే ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. అది రాత్రి వండి పొద్దున తినేది. చింతపండు పులుపు, మామిడికాయ పులుపు ముక్కలోకి ఇంకడానికి ఆ రాత్రంతా కావాలి. కొర్రమీనైనా, బొమ్మిడాయిలైనా అంతే. హోటల్లో అప్పటికప్పుడు వేడిగా వడ్డించిన దాన్ని తిని నెల్లూరు చేపల పులుసు ఇంతేనా అనుకుని పోయిన వాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ఆ చేప వచ్చిన దారి పట్టుకుని మైపాడు గేటు దాటి సముద్రం వైపు పోతే, పాతిక కిలోమీటర్ల లోపే ఇసుక తగులుతుంది. దారిపొడుగునా రాత్రిపూట రొయ్యల గుంటలు దీపాలతో వెలుగుతుంటాయి. ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్న చప్పుడు ఎడతెగకుండా వినబడుతుంది. పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అది ఇవ్వకపోగా తనే పీల్చుకుంటుంది. తెల్లవారుజాము అయ్యేసరికి నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటరు పలకకపోతే, తెల్లారేసరికి లక్షల రూపాయల పంట తేలిపోతుంది. అందుకే గుంట గట్టు మీద గుడిసెలో ఒక మనిషి నిద్ర లేకుండా కాపలా ఉంటాడు. మన ఊరి రాత్రి చరిత్ర రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ కాపలా మనిషికి ఒక అధ్యాయం ఇవ్వాలి.

ఈ తీరంలోనే, ఇంకా దక్షిణాన దుగరాజపట్నం దగ్గర, 1620లలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు కొట్టు పెట్టుకున్నారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనేవాడే 1639లో ఇంకాస్త దక్షిణానికి పోయి చెన్నపట్నానికి చోటు సంపాదించాడు. చెన్నపట్నానికి ముందుమాట మన ఇసుకలో రాసి ఉందన్నది చాలామందికి తెలియదు. అదే ఇసుకలోకి జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టను వస్తాయి. గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లారకముందే సముద్రంలోకి వెళ్ళిపోతాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రాత్రి సముద్రం మీది వెలుగును చూసి ఆ వైపు పాకుతాయి. ఒడ్డున పెద్ద పెద్ద దీపాలుంటే దారి తప్పి రోడ్డెక్కి చచ్చిపోతాయి. అందుకే తీరంలో దీపాలు తగ్గించమంటున్నాను, ఊహల్లో తేలిపోయి కాదు. అది ఆ పిల్లల ప్రాణం.

ఇప్పుడు నా మనవి. హోయాన్ దగ్గర మనం అరువు తెచ్చుకోవాల్సింది లాంతర్లు కాదు, నెలకొక రాత్రి. శుద్ధ చతుర్దశి నాడు వెన్నెల ఎలాగూ ఉంటుంది. రంగనాయకులపేట నుంచి మూలాపేట దాకా ఒక్క మూడు గంటలు బళ్ళను ఆపి, కళ్ళు చెదిరే ఎల్‌ఈడీ దీపాలను తగ్గిస్తే చాలు. కార్పొరేషనుకు ఇది పెద్ద ఖర్చు కాదు. గాలిగోపురం ముందు కాటమరాజు కథ పాడేవాళ్ళను పిలిచి, గౌరవంగా సంభావన ఇచ్చి, ఒక ఘట్టం పాడించండి. తిప్పరాజువారి వీధిలో ఒక హరికథ. కోటమిట్టలో పెద్దల నోట రొట్టెల పండుగ పుట్టిన కథ. అరుగులున్న ఇళ్ళవాళ్ళు ఆ ఒక్క రాత్రి వీధి తలుపు తెరిచి పెట్టండి. దీన్ని మళ్ళీ ఇంకో వేదికగా, ఇంకో ఉపన్యాసాల సభగా మార్చవద్దు. రిబ్బన్లు, శాలువాలు, అరగంట స్వాగత వచనాలు వద్దు. బొమ్మలు గీసిన గోడలు, తాటికాయంత అక్షరాల 'ఐ లవ్ నెల్లూరు' బోర్డు కూడా వద్దని నా ప్రార్థన.

ఇంకొకటి. హోయాన్‌కూ మనకూ వానలు ఒకే కాలంలో పడతాయి, అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ ఊళ్ళో కొన్ని పాత ఇళ్ళల్లో గోడ మీద వరదల గుర్తులు గీసి ఉంటాయి, ఏ ఏడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో సంవత్సరంతో సహా. నీళ్ళు రాగానే సరుకులు పై అంతస్తుకు ఎత్తుకోవడానికి కప్పీలు కూడా ఉన్నాయి. 2021 నవంబరులో పెన్న పొంగి మన పేటలు మునిగిన రాత్రి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి బళ్ళు ఆగిపోయిన ఆ రోజులు ఎవరం మరిచిపోలేదు. కానీ గోడ మీద గీత ఎక్కడా లేదు. ఆ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చూసిన కళ్ళు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఆ గీత గీయాలి. ఏటి ఒడ్డు ఆక్రమించి కట్టాలనుకునేవాళ్ళకు, అక్కడ స్థలం కొనేవాళ్ళకు రాత్రైనా పగలైనా అది కనబడుతూ ఉండాలి.

కార్తీకంలో వానలు పడుతుంటాయి కాబట్టి మొదటి నడకకు మార్గశిర శుద్ధ చతుర్దశి అనుకూలం. అప్పటికి ముసురు తగ్గుతుంది, పెన్నలో నీళ్ళుంటాయి, గాలి చల్లగా ఉంటుంది. చంటిబిడ్డలున్నవాళ్ళు ఒక దుప్పటి వెంట తెచ్చుకోవాలి. చెప్పులు గట్టివి వేసుకోవాలి, ఏటి మెట్లు జారుతాయి. మీ వీధిలో హరికథ నేర్చినవాళ్ళు, కొమ్ము ఊదేవాళ్ళు, పాత నాటకాల పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుగా వాళ్ళ గడప తొక్కి, దగ్గరుండి పిలుచుకుని రండి. ఏడు గంటలకు గాలిగోపురం ముందు కలుద్దాం.